తెలియదు, రాదు, ఎరగను

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. బీఎస్సీ మ్యాథ్స్ చదివాను, ఉద్యోగం దొరకలేదు. రెండేళ్లుగా నాన్నతో సేద్యంలోనే ఉన్నాను. ఆరెకరాల ఎర్రనేల, వాన మీద ఆధారపడి శెనక్కాయ వేస్తాం. నాన్నకు చదువు లేదు, వేలిముద్రే. ఆయన జిప్సం విత్తేటప్పుడే చల్లేస్తాడు. పూత మీద వేయమని రైతు సేవా కేంద్రంలో చెప్పారని నేనంటే, ‘ఎందుకో చెప్పు’ అన్నాడు. చెప్పలేకపోయాను. మా మేనమామ అందరి ముందరా ‘సదువుకున్న అజ్ఞానివి’ అని నవ్వినాడు. అజ్ఞానం అంటే అసలు ఏమిటి? చదువు లేకపోవడమా, తెలివి లేకపోవడమా? నాది ఏ రకం? అది పోయేదెట్లా?

జవాబు: మీ మేనమామ పెద్ద మాటే వాడారు. అజ్ఞానం అనే గోనెసంచిలో నాలుగైదు రకాల సరుకు కలిసిపోయి ఉంటుంది. దేనికి దాన్ని ఏరి పెట్టుకుంటే గానీ మందు దొరకదు. కాబట్టి ‘నేను అజ్ఞానినా’ అన్న ప్రశ్న పక్కన పెట్టి, ‘నాకు లేనిది ఏది’ అని అడుగుదాం.

ముందు రెండు తీసేద్దాం. చదువు లేకపోవడాన్ని నిరక్షరాస్యత అంటారు. జనాభా లెక్కల్లో దాని కొలత చాలా చిన్నది. ఏడేళ్లు, ఆపైన వయసున్న మనిషి ఏదో ఒక భాషలో చదివి అర్థం చేసుకుని రాయగలిగితే అక్షరాస్యుల కింద రాసుకుంటారు, లేకపోతే లేదు. మీ నాన్నగారి గురించి ఆ లెక్క చెప్పేది అంతే. ఆయనకు నేల తెలుసా లేదా అన్నది ఆ లెక్కలో లేదు. ఇక తెలివి. ఒక విషయం తెలియనంత మాత్రాన తెలివి తక్కువైనట్టు కాదు. ఎంత తెలివైనవాళ్లకైనా ఎవరూ చెప్పని ఊరి పేరు తెలియదు.

మిగిలిన సరుకు ఏరడానికి సంస్కృతం మాటకన్నా మనం రోజూ ఇంట్లో వాడే తెలుగే బాగా పనికొస్తుంది. ‘తెలియు’ అన్న మాటకు మూలం తెలి, అంటే తేటగా ఉండటం, తెల్లగా ఉండటం. తెల్లవారడం, నీళ్లు తేటబడటం, మూర్ఛపోయినవాడికి తెలివి రావడం, అన్నీ ఆ చుట్టరికమే. ‘తెలియదు’ అంటే ఇంకా తేటపడలేదని. ఇంకో తమాషా చూడండి. ‘నేను తెలుసు’ అనం, ‘నాకు తెలుసు’ అంటాం. నాకు ఆకలి, నాకు చలి అన్నట్టే. అంటే తెలియడమూ తెలియకపోవడమూ మనిషికి వచ్చిపోయే స్థితులు, ఆకలి లాగా. ‘అజ్ఞాని’ అన్న మాట అట్లా కాదు, మనిషి నెత్తిన ముద్ర కొడుతుంది. మిమ్మల్ని బాధపెట్టింది ఆ ముద్రే.

ఇదే తెలుగులో లేనిదాన్ని చెప్పడానికి నాలుగు మాటలున్నాయి. తెలియదు, రాదు, అర్థం కాలేదు, ఎరగను. నాలుగూ ఒకటి కావు. ‘ఈత తెలియదు’ అనం, ‘ఈత రాదు’ అంటాం. ‘ఆ మనిషి రాదు’ అనం, ‘ఆ మనిషిని ఎరగను’ అంటాం. ఏ మాట అతుకుతుందో చూస్తే మందేదో దానంతటదే తేలుతుంది. తెలియనిదాన్ని అడిగితే సరిపోతుంది. రానిదాన్ని చేసి చేసి నేర్చుకోవాలి. అర్థం కానిదాన్ని ముక్కలు చేసి మన కొలతల్లోకి దింపుకోవాలి. ఎరగనిదాన్ని వెళ్లి చూడాలి. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే ఏళ్లు గడిచినా తగ్గదు. ఈత పుస్తకం ఎన్నిసార్లు చదివినా బావిలో దిగితే మునుగుతాం కదా.

మీ ఇంట్లోనే దీనికి ఉదాహరణ ఉంది, పదును. వాన పడ్డాక విత్తడానికి నేల సరిపోయిందా లేదా అన్నది మీ నాన్నగారు పిడికెడు మట్టి పిసికి చెప్పేస్తారు. ఎట్లా చెప్పారంటే చెప్పలేరు. మాటల్లో పెడితే ఇంతే ఉంటుంది. నాలుగైదు వేళ్ల లోతు నుంచి మట్టి తీసి పిసకాలి. ముద్ద కట్టాలి. బొటనవేలితో ఒత్తితే ఆ ముద్ద పొడిపొడిగా విరగాలి. ముద్దే కట్టకపోతే తడి చాలదు. ఒత్తినా విరగకుండా సాగినా, అరచేతికి తడి అంటుకున్నా ఇంకా ఆగాలి. ఈ నాలుగు వాక్యాలు చదివితే మీకు ‘తెలిసింది’. ‘వచ్చింది’ మాత్రం అనుకోవద్దు. ఇసుక పాలు ఎక్కువున్న చోట ముద్ద ఒక రకంగా విరుగుతుంది, గరప నేలలో ఇంకో రకంగా. రావాలంటే ఇట్లా చేయండి. పొలంలో పది చోట్ల మట్టి తీయండి. ప్రతిసారీ ముందు మీరు పిసికి, సరిపోయిందో లేదో బయటికే చెప్పండి. ఆ తర్వాతే నాన్నగారి చేతికివ్వండి. పదిలో ఎన్ని కలిశాయో రాసుకోండి. ఆయన ముందు చెప్పి మీరు తలూపితే ఏమీ రాదు, తలూపడం మాత్రం వస్తుంది. రెండు మూడు వానలకు పదిలో ఎనిమిదికి వస్తే చేతికి పట్టినట్టే.

అర్థం కాకపోవడం చాలాచోట్ల కొలతల దగ్గర జరుగుతుంది. చదువుకున్నవాళ్లే ఇక్కడ ఎక్కువ బోల్తా పడతారు. కరపత్రంలో జిప్సం 500 కిలోలు అని ఉంటే అది హెక్టారుకు. హెక్టారంటే 2.47 ఎకరాలు. 500ను 2.47తో భాగిస్తే ఎకరాకు సుమారు 200 కిలోలు. మన దగ్గర చెప్పే మోతాదు ఇదే. హెక్టారు అన్న మాట చూడకుండా ఎకరాకు 500 మోసుకొస్తే డబ్బూ దండగ, నడుమూ దండగ. ఇంకోటి నత్రజని. వానాకాలం శెనక్కాయకు ఎకరాకు 8 కిలోల నత్రజని అంటే 8 కిలోల యూరియా అనుకోవద్దు. యూరియాలో నత్రజని 46 శాతమే, కాబట్టి సంచిలోంచి తూచాల్సింది 17 నుంచి 18 కిలోలు. ఎవరేం చెప్పినా ‘ఎకరాకు ఎన్ని కిలోలు, ఏ సంచి లోంచి’ అని రెండు ప్రశ్నలు అడిగేయండి. ఇట్లాంటి చిక్కుల్లో సగం అక్కడే విడిపోతాయి.

ఎరగనిదాన్ని వెళ్లి చూడాలన్నాను. దానికి ఇంకేమీ కలపనక్కర్లేదు. కదిరి పరిశోధన స్థానంలో గానీ రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ ఊడలు, అంటే పూత తర్వాత నేలలోకి దిగి కాయ కట్టే కాడలు, దిగే దశలో ఒక పూట గడిపి రండి.

ఇప్పుడు మీ ఇంట్లో గొడవకు వద్దాం. అక్కడున్నది పై నాలుగింటిలో ఏదీ కాదు, ‘తెలుసనుకోవడం’. భర్తృహరి మనుషుల్ని మూడు రకాలు చేసి, తెలియనివాడికీ తెలిసినవాడికీ చెప్పవచ్చు గానీ కొంచెం తెలిసి అంతా తెలుసనుకునే ఈ మధ్యరకానికి బ్రహ్మ కూడా చెప్పలేడన్నాడు. అది కొంచెం నిష్ఠూరమే. చెప్పవచ్చు, మనకు మనమే చెప్పుకోవాలి. ‘ఎందుకు’ అని వరసగా అడుగుతూ పోతే మనకు తెలిసింది ఎక్కడ తెగుతుందో బయటపడుతుంది.

జిప్సం ఎందుకు? కాయ బాగా ఊరడానికి. జిప్సంతో కాయ ఎందుకు ఊరుతుంది? కాల్షియం అందుతుంది కాబట్టి. వేర్లు నేలలో కాల్షియాన్ని తీసుకుంటూనే ఉంటాయి కదా, మళ్లీ కాయ దగ్గర వేయడం ఎందుకు? మీరు ఆగిపోయింది ఇక్కడే అయి ఉంటుంది. చాలామంది ఇక్కడే ఆగి ‘అది అంతే’ అంటారు. ‘అంతే’ అన్న మాట వినబడిన చోట తెలిసింది అయిపోయిందని గుర్తు పెట్టుకోండి.

దాని జవాబు ఇది. వేరు తీసుకున్న కాల్షియం నీళ్లతో పాటు పైకి పోతుంది. ఆకులు ఎండకు నీటిని ఆవిరిగా వదులుతూ ఉంటాయి, ఆ లాగుడు ఎటుంటే నీళ్లూ అటే, కాల్షియమూ అటే. ఒకసారి ఆకులోకి చేరిన కాల్షియం మళ్లీ కిందికి దిగి కాయలోకి రాదు. కాయేమో మట్టిలో చీకట్లో ఉంది, ఆవిరి వదలదు, నీళ్లను తనవైపు లాగలేదు. అందుకని శెనక్కాయ తన చుట్టూ ఉన్న మట్టి తడిలో కరిగిన కాల్షియాన్ని పొట్టు గుండానే నేరుగా పీల్చుకుంటుంది. అది దొరక్కపోతే పైకి కాయ లక్షణంగా ఉంటుంది, పగలగొడితే గింజ ఉండదు, ఉన్నా ముడుచుకుని ఉంటుంది.

ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతావన్నీ మీరే చెప్పగలరు. ఎక్కడ వేయాలి? కాయలుండే చోట, మొక్క మొదళ్ల దగ్గర, పైపొరలో. సాళ్ల నడిమధ్య చల్లినది కాయకు అందదు. ఎప్పుడు? తొలిపూత విత్తిన 25, 30 రోజులకు మొదలవుతుంది, పూసిన వారం పది రోజులకు ఊడ నేలవైపు దిగుతుంది. ఊడ మట్టిలోకి దిగిన తొలి నెలలోనే కాయ తనకు కావలసిన కాల్షియంలో ఎక్కువ భాగం తీసుకుంటుంది. కాబట్టి పూత మొదలయ్యాక వేసి, మట్టి ఎగదోయాలి. 45 రోజులు దాటాక మాత్రం అంతరకృషి, అంటే సాళ్ల మధ్య నేల కదపడం, వద్దు, దిగిన ఊడలు తెగుతాయి. తడి లేకుండా వేస్తే? కరగదు, పడి ఉంటుంది. బెట్టలో ఉన్నప్పుడు గాబరాపడి చల్లేకన్నా రెండు రోజులు వానకోసం చూడటం మేలు.

మరి విత్తేటప్పుడే వేస్తే? జిప్సం నీళ్లలో కొద్దిగా కరుగుతుంది, లీటరుకు రెండు గ్రాములకు పైన. విత్తిన తర్వాత గట్టి వానలు పడితే తేలిక ఎర్రనేలలో అది కరిగి కాయలుండే పొర దాటి కిందికి పోతుంది. వానలు సన్నగా పడిన ఏడు చాలావరకు పైనే నిలిచి ఉంటుంది. మీ నాన్నగారి పద్ధతి కొన్నేళ్లు బాగానే కలిసొచ్చి ఉంటుంది కూడా, అందుకే ఆయన వదలడం లేదు. చూశారుగా, ఆయనకు పని తెలుసు, కారణం తెలియదు. మీకు సలహా తెలుసు, కారణం తెలియదు. ఇద్దరిదీ ఒకే ఖాళీ. మీ మేనమామ నవ్వారు గానీ ఆయన్ని అడిగినా మూడో ‘ఎందుకు’ దగ్గర ఆగి ఉండేవారేమో.

ఇంకో రకం ఉంది, తెలుసుకోవద్దనుకోవడం. ఇది ఆడా మగా, చదువూ సంధ్యా తేడా లేకుండా అందరికీ ఉంటుంది. భూసార పరీక్ష కాగితం తెచ్చి ఎరువుల దుకాణం బిల్లుల కిందో, దేవుడి పటం వెనకో పెట్టి మళ్లీ తీయకపోవడం అట్లాంటిదే. చేతిబదులు వడ్డీ ఇంకో ఉదాహరణ. ‘నూటికి రెండు’ అంటే చెవికి చిన్నగానే ఉంటుంది. అది నెలకు. ఏడాదికి 24 శాతం. లక్షకు ఏడాదికి 24,000. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా పంట రుణానికి 7 శాతం, గడువులో కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతం, అంటే లక్షకు 4,000. ఈ రెండంకెలు పక్కపక్కన రాయడానికి నిమిషం పట్టదు, అయినా చాలా ఇళ్లలో రాయరు, రాస్తే ఏదో ఒకటి చేయాల్సి వస్తుందని. మీరు లెక్కల మనిషి కాబట్టి మీ ఇంటి సంగతి మీరే రాసి చూడండి.

ఎవరికీ తెలియనిది కూడా ఉంటుంది. వచ్చే ఆగస్టు రెండో వారంలో మీ చేలో వాన పడుతుందా? ఇది మీ అజ్ఞానమూ కాదు, నాన్నగారిదీ కాదు, ఇంత ముందుగా వాతావరణ శాఖ కూడా చెప్పలేదు. దీన్ని తెలిసినట్టు చెప్పేవాళ్లకు దూరంగా ఉండండి. అయితే పడిపోయిన వాన ఎంతో తెలుసుకోవచ్చు, అదీ చాలామంది తెలుసుకోరు. రాత్రి వాన ఎంత పడిందంటే ‘బాగా పడింది’ అంటారు. అడుగూ మూతీ ఒకే వెడల్పున్న డబ్బా ఒకటి, చెట్టుకూ ఇంటికీ వాటి ఎత్తుకు రెండింతల దూరంలో, పడిపోకుండా పెట్టండి. పొద్దున ఎనిమిదిన్నరకు స్కేలుతో లోతు కొలిచి, రాసి, పారబోయండి. ఒక మిల్లీమీటరు వానంటే ఎకరా మీద సుమారు 4,000 లీటర్లు. వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు పడితేనే అది వాన రోజు. ఊళ్లో ‘వాన పడింది’ అనుకున్న రోజులు ఆ డబ్బాలో ఎన్ని నిలుస్తాయో చూస్తే మీకే నవ్వొస్తుంది.

‘తెలియక చేశాను’ అన్న మాటను చట్టం కూడా రెండుగా చీలుస్తుందని ఒక్క ముక్క. భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. అందులో 14, 17 సెక్షన్ల ప్రకారం జరిగిన విషయాన్ని పొరబడి, సద్బుద్ధితో చేసిన పనికి మినహాయింపు ఉండవచ్చు. ఆ చట్టమే తెలియదంటే మాత్రం మినహాయింపు లేదు.

ఇక అడగడం గురించి. సిగ్గు ఎక్కువగా ప్రశ్న పెద్దదిగా ఉన్నందువల్ల వస్తుంది. ‘సేద్యం గురించి చెప్పండి’ అంటే ఎదుటివాళ్లకూ విసుగే. చిన్నది చేయండి. తెలిసింది, చేసింది, ఆగింది, మూడూ చెప్పి అడగండి: ‘మాది తేలిక ఎర్రనేల, విత్తి 28 రోజులైంది, పూత మొదలైంది, వారం నుంచి వాన లేదు. జిప్సం ఇప్పుడు వేయాలా, వాన పడ్డాక వేయాలా?’ ఇట్లా అడిగితే జవాబు చెప్పేవాళ్లకే హుషారు వస్తుంది. కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551, డబ్బు పడదు, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎరువులు అమ్మేవాళ్లనూ అడగవచ్చు గానీ, సరుకు అమ్ముకోవలసినవాళ్ల జవాబు ఒక్కదాని మీదే ఆధారపడవద్దు.

ఒకే ప్రశ్న ముగ్గురిని అడిగి ముగ్గురి జవాబులూ విడివిడిగా రాసుకోండి, కలిపి కలగాపులగం చేయవద్దు. ఎక్కడ కలిశారో అది చాలావరకు గట్టిది, ఎక్కడ విడిపోయారో అక్కడే మీరు చూడాల్సింది ఉంది. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌన్‌కు అప్పటికి తెలుగు పెద్దగా రాదు. పాత పుస్తకాలు సరిచేయడానికి ఆయన పట్టుకున్న దారి ఇదే. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితుల చేత పాఠభేదాలు పోల్పించి, ఎక్కడ తేడా ఉందో అక్కడ ఆగి తేల్చుకునేవాడు.

మీ ఇంటి పాఠభేదాన్ని తేల్చడానికి పండితులు అక్కర్లేదు, చేను చాలు. ఈ వానాకాలం ఒకే దిక్కున, ఒకే రకం నేలలో మూడు చిన్న మడులు గుర్తు పెట్టండి. ఒక్కోటి 4 సాళ్లు, 20 మీటర్ల పొడవు. మడికీ మడికీ మధ్య రెండు సాళ్లు వదిలేయండి. ఒకదాంట్లో నాన్నగారి పద్ధతిలో విత్తేటప్పుడే జిప్సం, ఒకదాంట్లో పూత మొదలయ్యాక మొదళ్ల దగ్గర, ఒకదాంట్లో అసలు వేయకుండా. సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు ఉంటే మడి 24 చదరపు మీటర్లు అవుతుంది, ఎకరాకు 200 కిలోల లెక్కన దానికి 1.2 కిలోల జిప్సం పడుతుంది. తక్కెడలో తూచండి, చేటతో కాదు. ఒక్క చోట చేస్తే ఆ తేడా నేలదో జిప్సందో చెప్పలేం, కాబట్టి ఇదే పని చేలో ఇంకో రెండు చోట్ల, మడుల వరస మార్చి చేయండి.

పీకేటప్పుడు ప్రతి మడిలో లోపలి రెండు సాళ్ల నుంచే, ప్రతి ఐదో మొక్క చొప్పున పది మొక్కలు తీయండి. బాగున్నవి ఏరుకోవద్దు. గింజ నిండిన కాయలు ఎన్ని, పొల్లు ఎన్ని, విడివిడిగా లెక్కపెట్టి, ఎండాక తూకం రాయండి. లెక్కపెట్టేటప్పుడు నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. కాయలు వేళ్ల మధ్య ఒత్తి పొల్లు ఏదో చెప్పడం ఆయనకే బాగా వచ్చు.